గురవమ్మ చేతులు, మునెయ్య దిండు

తిరువేంగడాచార్యులు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న కోదండం ఓ పొద్దున కషాయం పొయ్యి ముందు నుదురు తుడుచుకుంటూ అడిగాడు: "అయ్యగారూ, అతిగా చెమట పట్టడంలో రకాలున్నాయంటారు. ఏ చెమటైనా ఒంటి నీరే కదా! ఒక్క మందు చాలదా?" ఆచార్యులు పొయ్యిలో కట్టె సర్దారు.

అంతలో కలంకారీ పనిచేసే మునెయ్య, కోడలు గురవమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె అరచేతులు ఎప్పుడూ తడే. రంగు నిలవడానికి కరక్కాయ రసం పట్టించిన గుడ్డమీద చెయ్యి ఆనిందంటే నల్లరంగు పాకిపోతుంది, ఆమె గీసే అమ్మవారి బొమ్మకు మీసాలు మొలుస్తాయి.

"ఇది రోగం సామీ. మానదంటే చెప్పేయండి, ఇంక కలం ముట్టనియ్యను," అన్నాడు మునెయ్య. గురవమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పాపం, గీతంటే ఆమెకు ప్రాణం. కోదండం అప్పుడే ఆమెకు మందు పొట్లం కట్టేస్తున్నాడు. చురుకైనవాడే గానీ తొందరెక్కువ.

"నిద్రలో కూడా తడుస్తాయా తల్లీ?" అని అడిగారు ఆచార్యులు.

"లేదు సామీ, ఆరిపోతాయి. చిన్నప్పటినుంచీ ఇంతే, మా అమ్మకీ ఇంతే. ఎవరన్నా చూస్తా ఉంటే ఇంకా ఎక్కువ."

ఆచార్యుల చూపు మునెయ్య మీదికి మళ్ళింది. చిక్కిన ఒంటిమీద చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. "ఇంట్లో నిద్రలో చెమటకి పక్క తడిసిపోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

గురవమ్మ తల వంచుకుంది. మామ సంగతి మామ ఎదుట చెప్పే అలవాటు ఆ ఇంట లేదు. అయినా చెప్పింది. "మామ దిండు రోజూ ఎండేస్తా ఉండా సామీ. చలికాలంలో కూడా. సందేళ ఒళ్ళు కాలతాది. అన్నం సయించడంలా."

"వేడి చేసింది, అంతే!" అని నవ్వబోయి దగ్గాడు మునెయ్య.

ఆచార్యులు అతని నాడి చాలాసేపు పట్టుకున్నారు. "ఇంటికి కాదు, ఇటునుంచి ఇటే పెద్దాసుపత్రికి వెళ్ళు. రొమ్ము ఫోటో తీయించు, క్షయేమో చూస్తారు. ఈమెని నేను చూస్తాను. చేతికింద పొడిగుడ్డ వేసుకుని గీస్తుంది, కలం లాక్కోకు." మునెయ్య లేవబోతూ తూలి, చూసుకోకుండానే కోడలి తడిచేయి పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక కోదండం చేతిలో పొట్లం అలాగే ఉంది. ఆచార్యులు అన్నారు: "ఆమె చెమట ఆమెతోపాటే పడుకుంటుంది నాయనా. ఆయనది, ఆయన పడుకున్నాక లేస్తుంది."