జడ వేసినందుకు

పరాంకుశం మాస్టారిని ప్రశ్న అడిగితే సూటిగా జవాబు రాదు. ముందు మజ్జిగ వస్తుంది. ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని మూడో తరగతికి పంతులమ్మ అయిన సుభాషిణికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం గుమ్మంలోంచే అడిగేసింది.

"థాంక్యూకి నేను రాసిన అర్థంలో తప్పెక్కడుంది మాస్టారూ?"

పిల్లల కోసం ఆమె అట్టముక్కల మీద ఇంగ్లీషు మాటలకు తేలిక అర్థాలు రాస్తుంది. ఈ మాటకు 'మనకు మేలు చేసినవాళ్లతో అనే మంచి మాట' అని రాసింది. తల్లి లేని పిల్ల హేమలత దాన్ని వల్లించుకుని, ఆ పొద్దున తనకు జడ వేసిన మామ్మతో 'థాంక్యూ' అన్నది. మామ్మ అప్పలనర్సమ్మ అర్థం అడిగి చెప్పించుకుని, దువ్వెన కింద పెట్టేసింది. "నీకు నాను మేలు సేసినానేటే? నానేటి పరాయిదాన్నా?" అని మూట కట్టుకుంది. రెండు గంటల బస్సుకు చిన్నకూతురి ఊరికి ప్రయాణం. పిల్ల ఏడుస్తూ వచ్చి పంతులమ్మ కొంగు పట్టుకుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే కాబోలు.

అంతా విని మాస్టారు మజ్జిగ తాగి, ఖాళీ గ్లాసు పక్కకు చాచారు. ఆయన భార్య సీతాయమ్మగారు మళ్లీ నింపారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"అమ్మగారూ, మాస్టారు మీకెప్పుడైనా థాంక్యూ చెప్పారా?" అని అడిగింది సుభాషిణి.

"చెప్పమను చూద్దాం! రేపటి నుంచి మజ్జిగ ఆయనే చిలుక్కుంటారు," అన్నారావిడ. లోపలికి వెళ్తూ వెళ్తూ ఆగారు. "అయినా, నలభై ఏళ్లలో ఒక్కసారి అంటే ఆయన సొమ్మేం పోయేదట?"

సుభాషిణికి బుర్ర తిరిగిపోయింది. అనాలా, అనకూడదా? అట్ట తీసి 'బయటివాళ్లతో మాత్రమే' అని చేర్చింది. ఆవిడ ఆఖరి మాట గుర్తొచ్చి కొట్టేసింది. అట్ట నిండా గీతలే మిగిలాయి.

"మరేం రాయమంటారు మాస్టారూ?" ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు గోడ గడియారం చూశారు. ఒంటిగంట దాటింది.

"అట్ట ఇక్కడ పెట్టి వెళ్లమ్మాయీ. జడ విప్పేసుకుని మామ్మ ముందు కూర్చోమను ఆ పిల్లని."