మద్యము విడుచువారి మంగళవార కూటమి వ్రత కథ

తుంగభద్రా తీరమున తపస్సు చేసుకొనుచున్న విశోక మహామునిని సమీపించి ధృతకీర్తి యను ముని నమస్కరించి, "మహాత్మా! మద్యమునకు చిక్కినవారు ఎన్ని మొక్కులు మొక్కినను, ఎన్ని మాలలు వేసినను, మాల తీసిన దినముననే మరల దుకాణము త్రొక్కుచున్నారు. వారికి తరణోపాయమేమి?" అని యడిగెను. విశోకుడిట్లు చెప్పెను.

"మునీ! ఒంటిగా చేయరాని వ్రతమొకటి కలదు. మద్యము విడువగోరువారు వారమునకొకమారు కూడి, తమ కథ తాము చెప్పుకొని, ఇతరుల కథ విని, విన్నదానిని ఆ గదిలోనే విడిచి రావలెను. దానిని ఆచరించిన యొకని కథ చెప్పెదను. సంతోషకరమైన కథ కాదు. వినుము."

గోదావరి పాయ ప్రక్కన కొత్తలంక యను గ్రామమున భీమశంకరమను సన్నాయి విద్వాంసుడుండెను. ఆయన సన్నాయి లేనిదే ఆ చుట్టుపట్ల తాళి కట్టెడివారు కారు. పెండ్లి ముగియగానే మేళగాండ్రకు తాంబూలముతో పాటు ఒక సీసా నిచ్చుట అచ్చటి ఆచారము. వద్దన్నచో పెండ్లివారు చిన్నబుచ్చుకొందురు. భీమశంకరము ఎవరినైనను చిన్నబుచ్చిన పాపమున పోలేదు. ఇరువదేండ్లు పుచ్చుకొనెను. తుదకొక ముహూర్తమున పురోహితుడు గట్టిమేళమని కేక వేయగా, ఆయన విడిదిలో చాపపై నోరు తెరచుకొని పడియుండెను. ఒట్టి డోలు మీదనే తాళి కట్టించిరి. ఆ దినమున భార్య సీతారత్నము సన్నాయిని గుడ్డలో చుట్టి అటకపై పెట్టి, "ఇది మళ్లీ ముట్టాలంటే ముందు అది మానండి. లేదంటే నేను మా అమ్మగారింటికి పోతాను" అనెను.

ఆయన భయపడి, తనవంటివారు కూడు చోటును వెదకబోయెను. మొదట పట్టణమునకేగెను. అచ్చట అందరును కార్యాలయములలో పనిచేయువారు. సీసా కనబడు చోటికే పోవలదని వారు మంచిమాటయే చెప్పిరి. కాని ఆయనకు సీసా కనబడు చోటు పెండ్లిపందిరి. పందిరికి పోనిచో కూడు లేదు. నడుమనే లేచివచ్చి దారిలో త్రాగెను.

రెండవది పొరుగూరి కూటమి. లోనికి పోగానే ఎదుట తన వియ్యంకుడు కూర్చుండియుండెను! భీమశంకరము సిగ్గుపడి, నిద్రపట్టనపుడు ఒక చుక్క పుచ్చుకొందునంతే యని బొంకెను. వియ్యంకుడును తనకు అంతేయని బొంకెను. ఇద్దరును మర్యాదగా సెలవు తీసుకొని, చెరియొక దారిన ఒకే దుకాణమునకు చేరిరి.

మూడవది రేవు దగ్గరి పాఠశాలలో మంగళవారము సాయంకాలము జరుగునది. దానిని నడుపువాడు పెండ్లివంటల నూకరాజు. అతనికిని ఒకప్పుడు పెండ్లికొక సీసా వచ్చెడిది. "తాంబూలం పట్టుకొచ్చే ఏళకి సన్నాయి రెండు చేతుల్తోటీ పట్టుకోండి బాబూ. చెయ్యి కాళీ లేకపోతే సీసా ఎక్కడెడతారు?" అని అతడు చెప్పెను. ఈ కిటుకు ఏ వైద్యుడును చెప్పలేదు. భీమశంకరము నలువది దినములు త్రాగలేదు. సీతారత్నము సన్నాయిని అటక దించెను. మరల పందిళ్లకు పోయినపుడు ఆ కిటుకే ఆయనను కాచెను.

ఆ గదిలో పోలయ్య యను పడవవాడు ఒక దినమున తన కథ చెప్పెను. తల్లి దహనమునకు తప్పత్రాగి పోయి, ఎవరిదో వేరొక చితి ముందు కూర్చుండి ఏడ్చెనట. తెలివి వచ్చి చూచునప్పటికి తల్లి చితి చల్లారెనట. ఆ మాట అంతవరకు ఎవరికిని చెప్పలేదట.

మరువారము ఒక పెండ్లిలో సీసా వద్దన్నందుకు మేళగాండ్రు భీమశంకరమును ఆటపట్టించిరి. ఆ నవ్వు తనమీదనుండి మరలించుటకై ఆయన పోలయ్య కథను అభినయించి చెప్పెను. విడిదియంతయు పొట్ట పట్టుకొని నవ్వెను. వ్రతభంగమనగా త్రాగుట యొక్కటే యని ఆయన తలచెను.

మూడవనాటికి ఆ కథ రేవు చేరెను. పోలయ్య కనబడగానే, "ఏ చితి కాడికిరా?" అని పలుకరింపసాగిరి. అతడు మరి కూటమికి రాలేదు. నెల తిరుగకమునుపే కాలువలో శవమై తేలెను. అది విని భీమశంకరము తొమ్మిది దినములు త్రాగెను. పదియవ దినము మంగళవారము. సీతారత్నము ద్వారము కడ నిలిచి, "వెళ్తే వెళ్లండి. చేసింది చెప్పకుండా మాత్రం ఇంటికి రావద్దు" అనెను.

ఆయన వెళ్లి, నిలుచుండి, చెప్పెను. ఎవ్వరును తలయెత్తలేదు. ఒకడు లేచి బయటకు పోయెను. అంతవరకు బాబూ యని పిలుచుచున్న నూకరాజు, "పోలయ్యని నువ్వు సంపావని నేననను. కాదనీ అనను. ఇయ్యాల తాగావా?" అని యడిగెను. లేదనెను. "అయితే కూకో" అనెను. భీమశంకరము కూర్చుండెను. ఒక్కొక్క దినముగా ఏడేండ్లు గడచెను. భార్య నిలిచెను, మేళము మరల కుదిరెను.

ధృతకీర్తి సందేహించి, "మహాత్మా! విన్నది గదిలోనే విడువవలెనంటిరి. మరి పోలయ్య కథ నాకేల చెప్పితిరి?" అని యడిగెను.

"భీమశంకరము పోలయ్య భార్య కాళ్లపై పడినపుడు, ఈ కథ చెప్పుటకు ఆమె అనుమతించినది. 'ఆయన కత ఇని నవ్వినోళ్లు శానామందున్నారు. ఏడిసినోళ్లు కూడా కొందరుండాలి. సెప్పండి' అన్నది.

"మునీ! ఈ వ్రతమును మేళగాండ్రు, వంటవారు, పడవవారు, లారీ నడుపువారు, ఉద్యోగులు, స్త్రీలు, పురుషులు, సిగ్గుపడువారు, పలుమార్లు భంగమైనవారు అందరును చేయవచ్చును. మొదటి కూటమి కుదరనిచో రెండవది, అదియు కుదరనిచో మూడవది వెదకవలెను. ఐశ్వర్యము కలుగునని చెప్పజాలను. పోయినవారు తిరిగి రారు. చేసినవారికి ఆ ఒక్క దినము దక్కును. మరునాడు మరల చేయవలెను. కథ విన్నవారు అక్షతలు శిరస్సున నుంచుకొని, పోలయ్యకై కొంతసేపు మాటలాడక కూర్చుండవలెను."