పక్కింటావిడ కొప్పు విప్పిన రోజు

నత్తగుల్లలా చుట్లు తిరిగిన కోట ఒకటుండేది. దానికి ఒకటే ద్వారం, లోపల ఒకటే వీధి. ఆ వీధి గుండ్రంగా తిరిగి తిరిగి నడిమధ్యకి పోయి ఆగేది. వీధి పొడుగునా ఇళ్ళు, ఇళ్ళ వెనక కాలువ. బయట పుట్టిన ఏ చప్పుడైనా ఆ కాలువ నీళ్ళ మీదుగానే లోపలికి రావాలి.

ప్రతి ఇంటి కిటికీలోనూ ఆలకించే మనిషి ఒకరు జుట్టు విరబోసి, కొసలు నీళ్ళలోకి వదిలి కూర్చునేవారు. ఎవరి చప్పుడు వాళ్ళది. తన చప్పుడు వచ్చినప్పుడు జుట్టు ఊగుతుంది, ఊగగానే ఆ మనిషి పక్కనున్న తాడు లాగుతుంది. ఆ తాళ్ళన్నీ పైన రాజుగారి గదిలోకి పోయేవి. రాజుగారు కిందికి దిగింది లేదు, వీధి మొహం చూసింది లేదు. ఆయనకి లోకమంటే ఆ తాళ్ళే. ఆయన మాట మాత్రం కోటంతా మోగేది.

ద్వారం దగ్గరి ఇళ్ళవి సన్నటి చప్పుళ్ళు: దోమ, మువ్వ, పసిపిల్లల మాట. లోపలి ఇళ్ళవి లావు చప్పుళ్ళు: ఉరుము, డప్పు, ఏనుగు అడుగు. ఇందులో న్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి. ఉరుము పోయేది లోపలి ఇంటికే, కానీ పోతూ పోతూ ముందు ఇళ్ళ వాళ్ళని నాలుగు కుమ్మి మరీ పోతుంది. తమది కాని చప్పుడుకి పాపం వాళ్ళే ముందు రాలిపోయేవారు.

ఆలకించే ప్రతి మనిషికీ ఒక పక్కింటావిడ ఉండేది. అన్నం పెట్టడం, మంచినీళ్ళు అందించడం ఆవిడ పని. ఆలకించే మనిషి కన్నుమూస్తే కాలువ నీళ్ళు వీధిలోకి రాకుండా ఆ కిటికీని అడుసుతో పూడ్చేయడం కూడా ఆవిడ పనే. అమ్మమ్మల నాటి ఆచారం. ఇంకో దారి లేదా అని ఎవరూ అడగలేదు, అడిగే తీరిక ఎవరికీ లేదు.

రాజుగారికి ఒక చిన్న కూతురు. రోజూ పొద్దున్నే ద్వారం దగ్గర నిలబడి ఊసులు చెప్పేది. పిల్లి ఈనిందనీ, పన్ను కదులుతోందనీ, దాదితో పచ్చి, ఇక మాటల్లేవనీ. మొదట్లో రాజుగారు అన్నిటికీ బదులిచ్చేవారు. తర్వాత సగానికే ఇచ్చారు. ఆ తర్వాత, "అందరూ నోట్లో ఏం కుక్కుకుని మాట్లాడుతున్నారు?" అని కసురుకోవడం మొదలుపెట్టారు.

మంత్రులు ఊరుకుంటారా? రాజుగారికి గట్టిగా వినపడాలని ద్వారం దగ్గర బూరాలు పెట్టించారు. బూరాల దెబ్బకి ముందు ఇళ్ళు ఇంకా కొన్ని పూడిపోయాయి. రాజుగారికి ఇంకాస్త తక్కువ వినపడింది. దాంతో బూరాల పక్కన నగారాలు చేర్చారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఇంతకన్నా మంత్రులకి తోచలేదు.

చిన్నపిల్లకి ఈ సంగతులేం తెలుసు? నాన్నకి నామీద కోపమొచ్చింది అనుకుంది.

చివరికి సన్నటి చప్పుళ్ళ ఇళ్ళలో మిగిలింది ఒక్క ముసలమ్మ. ఆవిడ జుట్టు కూడా పలచబడిపోయింది. ఆవిడ పక్కింటావిడకి బెంగ పట్టుకుంది.

"పిన్నీ, పాప మాట నీకెలా తెలుస్తుంది?"

"జుట్టు ఊగుతుందే."

"ఎలా ఊగుతుంది?"

"ఊగితే తెలుస్తుంది. చెప్తే తెలిసేదయితే ఎప్పుడో చెప్పేదాన్ని." ముసలమ్మ కాసేపు దమ్ము తీసుకుంది. "పాప గొంతు ఈమధ్య వణుకుతోందే. నేను పోతే అది కూడా రాజుకి చేరదు."

పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంది. అయినా ఆచారం ఆచారమే కదా, వీధిలో కూర్చుని అడుసు తొక్కడం మొదలుపెట్టింది. ఎక్కడినుంచో ఒక కోడి వచ్చి ఆ అడుసు కెలికింది.

"ఇదెందుకు?" అంది కోడి.

"పిన్ని పోతే కిటికీ పూడ్చడానికి."

"అదేం చోద్యం? మా వీధిలో ఎవరన్నా పోతే పక్కింటావిడే కొప్పు విప్పి కిటికీలో కూర్చుంటుంది."

"ఎవరు నేర్పుతారు?"

"నేర్పడమేమిటి, కూర్చోవడమే," అని కోడి ఒక పురుగు దొరకపుచ్చుకుని తన దారిన తాను పోయింది.

పక్కింటావిడకి బుర్ర తిరిగిపోయింది. పూడ్చడమా, కూర్చోవడమా? పోయి వీధిపెద్దని అడిగింది.

"కోడి మాట విని కోట ముంచుతావా?" అన్నాడాయన. "సరే, నువ్వు కూర్చున్నావనుకో. నీకు మంచినీళ్ళెవరు అందిస్తారు?"

నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వచ్చిన దారినే తిరిగొచ్చింది.

ఆ మర్నాడే మంత్రులు ఇంకో పెద్ద నగారా తెప్పించి ద్వారం దగ్గర మోగించారు. కాలువ ఒక్కసారిగా పొంగింది. ముసలమ్మ తాడు చేతిలో పట్టుకునే ఒరిగిపోయింది. కిటికీలోంచి నీళ్ళు బొటబొటా కారసాగాయి.

బయట పాప, "నాన్నా, నీకింకా కోపం పోలేదా? అయితే ఇక నేను రాను," అంది. లోపల ఎవరికీ వినపడలేదు.

"పూడ్చు, పూడ్చు," అని వీధిపెద్ద పరిగెత్తుకొచ్చాడు. పక్కింటావిడ అడుసు ముద్ద తీసుకుంది. చేతులకి ఆ ఒక్క పనే తెలుసు. కానీ ఎందుకో మరి, ముద్ద పక్కన పెట్టేసింది. కొప్పు విప్పింది. నీళ్ళు కారుతున్న ఆ కిటికీలో తానే ఇరుక్కుని కూర్చుంది. కారడం తగ్గింది. నడుం మాత్రం తడిసి ముద్దయింది, వెన్నులోంచి వణుకు పుట్టింది.

జుట్టు ఊగింది. ఊగిందా, లేక తన వణుకేనా? ఇది పాపదా, దోమదా? ఎంత గట్టిగా లాగాలి? ఎన్నిసార్లు? ఏమీ తెలియలేదు. దేవుడి మీద భారం వేసి ఎడాపెడా లాగేసింది.

కోటంతా మోగింది రాజుగారి గొంతు. "ఎవరిదయ్యా ఆ బండి? ఇరుసు కీచుమని చంపుతోంది. కాస్త కందెన పెట్టించండి."

"విన్నావా? బండట," అన్నాడు వీధిపెద్ద. "దిగు."

పక్కింటావిడకి ఏడుపొచ్చింది. కూతురి మాట పంపబోతే బండి చేరింది. పిన్ని పరువు కూడా తీశాననుకుంది. అడుసు కోసం చెయ్యి చాపింది.

అప్పుడు నీళ్ళు మళ్ళీ కదిలాయి. ఇందాకటిలా కాదు. చిన్న చిన్న అలలు, ఒకదాని మీద ఒకటి ఎగిరిపడుతూ, ఆగకుండా వచ్చాయి. ద్వారం దగ్గర, వెళ్ళిపోబోతున్న పాప కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఇన్నాళ్ళకి నాన్న తనకి బదులిచ్చాడు, అదీ తనని బండి అన్నాడు. అది నవ్వని పక్కింటావిడకి ఎవరు చెప్పాలి? ఇది దోమా, ఇరుసా, ఏడుపా అని తికమకపడుతూనే తాడు అందుకుని లాగింది.

ఈలోగా మంత్రులు కందెన గిన్నెతో బండి కోసం నాలుగు వైపులా వెతుకుతున్నారు.

"కందెన వద్దులే," అన్నారు రాజుగారు మెల్లగా. "ఆ బండిని పోనివ్వకండి. కాసేపు అక్కడే ఉండనివ్వండి."

వీధిపెద్ద నోరు వెళ్ళబెట్టి పైకి చూశాడు. ఏ బండో, ఎందుకు ఉండమన్నారో పక్కింటావిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. దాహంతో గొంతు ఎండిపోతోంది, మంచినీళ్ళు అందించేవాళ్ళు లేరు. జుట్టు మళ్ళీ ఊగింది, ఆవిడ మళ్ళీ లాగింది.