వంగిచూపు తల్లి వెలసిన రోడ్డు

భక్తులకు ముందుగా ఒక మనవి. ఈ వృత్తాంతం మా అత్తగారు ఈదమ్మ నోట నేను పలుమార్లు విన్నదే. అయినా ఈ మధ్య నాకు మరుపు ఎక్కువైంది. ముందుది వెనక, వెనకది ముందు రాసి ఉంటే మన్నించండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మన నగరంలో వంద అడుగుల రోడ్డు తెలియనివారు ఉండరు. రెండు పక్కలా బంగారు దుకాణాలు, చీరల అంగళ్లు, పైన మెట్రో రైలు, కింద ఊపిరి సలపనన్ని బస్సులు. అంత తిన్నని రోడ్డు ఒక్కచోట పక్కకు ఒంగి మళ్లీ తిన్నగా సాగుతుంది. ఆ ఒంపులో పైకప్పు లేకుండా, మోకాలెత్తు రాయిగా ఉన్న అమ్మవారే వంగిచూపు తల్లి.

పూర్వం ఇక్కడ చింతచెట్ల మధ్య ఎడ్లబండ్ల బాట ఉండేది. దాన్ని వెడల్పు చేసి డాంబరు వేయడానికి చెట్లన్నీ కొట్టించారు. పాలమూరు నుంచి కూలీలు వచ్చారు. వారిలో ఈదమ్మ ఒకతె. చంకలో పాలు తాగే కొడుకు. ఎండలు మండిపోతున్నాయి. ఆగి ఉన్న రోడ్డు రోలరు కింద తప్ప కనుచూపు మేరలో నీడ లేదు. అన్నాల వేళ తల్లులు పిల్లల్ని అక్కడే గోనె పరిచి పడుకోబెట్టి, బండి కదిలేలోపు ఎత్తుకునేవారు.

ఆనాడు ఈదమ్మ బిడ్డను పడుకోబెట్టి నీళ్లకు పోయింది. పంపు దగ్గర ఆలస్యమైంది. ఇంతలో మేస్త్రి తొందరపెట్టగా రోలరు నడిపే చాంద్ పాషా బండి ఎక్కాడు. ఇంజను మోగింది గాని బండి కదలలేదు.

“ఏంది పాషా, బువ్వ తిన్నది నువ్వా, నీ బండా? మత్తుగ పండింది!” అన్నాడు మేస్త్రి.

“వెనక చక్రానికి రాయి అడ్డమున్నట్టుంది.”

“రాళ్లు తొక్కెటందుకే గదయ్యా నీకు బండిచ్చింది! తొక్కు!”

పాషా మళ్లీ తోలాడు. బండి గడగడ వణికిందే గాని ముందుకు పోలేదు. విసుగ్గా దిగి, వంగి కిందికి చూశాడు.

చూసినవాడు మళ్లీ లేవలేకపోయాడు. చక్రానికి ఆనుకుని, పొద్దున ఎవరూ చూడని రాయి ఒకటి నిలబడి ఉంది. రాయికి అవతల, దాని మీద చెయ్యి వేసుకుని పసివాడు నిద్రపోతున్నాడు.

నీళ్ల బిందెతో వచ్చిన ఈదమ్మ పాషా ముఖం చూసింది, బండి కిందికి చూసింది. బిందె జారిపోయింది. బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుని, “నీడ అనుకున్ననే తల్లీ, నీడే అనుకున్న” అంటూ ఆ రాయి ముందు కూలబడింది.

ఆ రాత్రి పాషా కలలో ఒక ఎర్రచీర ఆమె కనిపించి, “నన్ను కదిలించకండి. నా మీద కప్పు వేయకండి, బిడ్డలకు లేని నీడ నాకొద్దు. బండి తోలే ముందు వంగి చూడమని అందరికీ చెప్పు” అన్నది. గడ్డపారలతో రాయిని పెకలించబోవడం కలకు ముందో తర్వాతో నాకు గుర్తు లేదు. రాయి మాత్రం కదలలేదు. చివరికి రోడ్డే ఒంగింది.

నేటికీ ఈ దారిలో కొత్త బండి కొన్నవారు అమ్మ ఎదుట ఆగి, ముందు వంగి బండి కిందికి చూస్తారు. ఆ తర్వాతే చక్రం కింద నిమ్మకాయ పెడతారు. ఆటోవారు, స్కూలు వ్యానులవారు రోజూ చూస్తారు. పోయిన ఏడు ఒకాయన అలా వంగితే కుక్కపిల్ల కనిపించింది. వంగి చూసినవారి చేతుల మీదుగా పసిప్రాణం పోదని ఇక్కడి నమ్మకం.

మరిది కుర్మయ్యా, అచ్చుకు ఇచ్చే ముందు పేర్లు ఒకసారి సరిచూడు. పాషా పేరు చాందో, ఛోటేనో నాకు అనుమానంగా ఉంది. ఎవరి పేరు తప్పినా ఆయన పేరు తప్పకూడదు. నిద్రపోతున్నవాడికి ఏం తెలుస్తుంది వదినా అని నవ్వి తప్పించుకోకు. ఆ గోనె మీద ఉన్నది నువ్వు.