రెండో గొంగడి

ఇస్హాక్‌కి పాఠం చెప్పడం బాగానే వచ్చు. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తేనే చిక్కు.

ఉత్తరాన మంచు కప్పిన బల్తీ కొండల్లో, నసీర్ బాబా అనే సూఫీ గురువు దగ్గర శిష్యరికం చేస్తూ, మఠం బడిలో పిల్లలకి చదువు చెప్పేవాడతను. ఆ రోజు పాఠం భూమి వేడెక్కడం గురించి. బొగ్గూ పెట్రోలూ మండిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుందనీ, అది పైకి చేరి భూమికి దుప్పటి కప్పుతుందనీ, అందుకే కొండమీది మంచు కరిగి మన వాగు చిక్కిపోతోందనీ గడగడా అప్పజెప్పాడు.

సకీనా అనే పిల్ల లేచి నిలబడింది.

"మాస్టారూ, పొయ్యిలోంచి వచ్చిన పొగ పైకెళ్ళేసరికి చల్లారిపోతుంది కదా! చల్లటి దుప్పటి మంచునెలా కరిగిస్తుంది?"

"పుస్తకంలో ఉందంటే ఉన్నట్టే. కూర్చో."

పిల్ల కూర్చుంది. మాస్టారిని మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. వెళ్ళి బాబాని అడిగాడు.

"మంచు మోయడానికి వెళ్తున్నాంగా. ముందు ఆ పని కానీ," అన్నాడు బాబా.

మంచు మోయడమంటే ఆ కొండల్లో నారు పోసినంత పవిత్రమైన పని. వాళ్ళ లెక్కలో మంచులో ఆడా మగా ఉన్నాయి. రాళ్ళు కలిసి నల్లగా ఉండేది మగమంచు. నీలంగా మెరుస్తూ నీళ్ళిచ్చేది ఆడమంచు. రెంటినీ గంపల్లో ఎత్తుకొచ్చి, ఎండ తగలని కొండచీలికలో పక్కపక్కన పెట్టి, పైన బొగ్గూ గడ్డీ కప్పుతారు. అది ఏళ్ళ తరబడి పెరిగి కొత్త మంచుగడ్డ అవుతుందని వాళ్ళ నమ్మకం. తాతలు పెట్టిన మంచు చిక్కి సగమైంది. వాగు అడుగంటితే ఊళ్ళో ఖుబానీ పళ్ళతోటలన్నీ ఎండిపోతాయి. అందుకే ఈసారి ఊరి ఆశంతా ఈ గంపల మీదే ఉంది.

దీనికి రెండు కట్టుబాట్లు. వీపుకెత్తాక గంప నేలకి దించకూడదు. చీలికలో మంచు పెట్టేదాకా పెదవి విప్పకూడదు.

ఆడమంచు కోసం ఈసారి చాలా పైకి ఎక్కాల్సి వచ్చింది. వెతగ్గా వెతగ్గా ఒక బండచాటున ఒక్క ముక్క దొరికింది. "నేను మోస్తాను బాబా, నాకివ్వండి," అని ఇస్హాక్ ముందుకొచ్చాడు. బాబా ఆ ముక్కని కళ్ళకద్దుకుని, గంపలో గడ్డి సర్ది, స్వయంగా అతని వీపుకెత్తాడు. మగమంచు గంప పశువుల కాపరి మెహదీది.

బాబా కర్ర ఊతంగా ముందు నడిచాడు. వెనక ఇస్హాక్, అతని వెనక మెహదీ.

ఎండ ఎక్కువగా లేదు, మబ్బుగానే ఉంది. అయినా మంచు కరుగుతుందేమోనని ఇస్హాక్‌కి ప్రాణం ఒకచోట నిలవలేదు. గడ్డి కప్పితేనే మంచు నిలుస్తోందంటే, గొంగడి కప్పితే ఇంకెంత నిలవాలి! ఒంటిమీద ఎటూ ఒక గొంగడి ఉంది. చలికి పనికొస్తుందని భుజాన వేసుకొచ్చిన పెద్ద గొంగడి ఇంకొకటుంది. గొంగడి ఉండగా ఇదెందుకని, నడుస్తూనే గంపలో గడ్డి కొంత పీకి పారేశాడు. గంప వీపుకి ఇంకా దగ్గరగా ఆనింది. ఆ పెద్ద గొంగడిని గంపకీ తనకీ కలిపి కప్పి, మెడ దగ్గర ముడేశాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

చీలిక ఉన్న ఎదుటి కొండ ఎక్కుడు మొదలైంది. వీపు మీద తడి. చెమట అనుకున్నాడు. ఇంత కష్టపడుతున్నానని గర్వం కూడా కలిగింది.

వెనక మెహదీకి దారిమీద చుక్కలు కనిపిస్తున్నాయి. నోరు తెరిస్తే వ్రతం చెడుతుంది. గొంగడి పట్టుకు లాగాడు. అలిసిపోయాడు కాబోలు, ఆగమంటున్నాడనుకుని ఇస్హాక్ నడక పెంచాడు. మళ్ళీ లాగాడు. ఇస్హాక్ విసురుగా వదిలించుకున్నాడు.

చీలిక దగ్గర బాబా గొంగడి ముడి విప్పి గంపలోకి చూశాడు. మెహదీ గంపలో మంచు తెచ్చింది తెచ్చినట్టే ఉంది. ఇస్హాక్ గంపలో తడిసిన గడ్డి మధ్య పిడికెడు ముక్క మిగిలింది.

బాబా ఆ పిడికెడునీ మగమంచు పక్కన పెట్టి, బొగ్గూ గడ్డీ కప్పి, దేవుడికి దువా చేశాడు. దాంతో నోళ్ళు విడుదలయ్యాయి.

"కారిపోతోందిరా అని చెప్పలేక చచ్చాను తమ్ముడూ!" అన్నాడు మెహదీ. అతని కళ్ళు నీళ్ళతో నిండాయి.

"మళ్ళీ వెళ్ళి తెస్తాను," అన్నాడు ఇస్హాక్.

"ఎక్కడినుంచి? ఉన్న ఆ ఒక్క ముక్కా నీ గంపకే కదా ఎత్తాం," అన్నాడు మెహదీ.

ఇస్హాక్ పెద్ద గొంగడినీ, ఒంటిమీది గొంగడినీ కూడా విప్పి దూరంగా విసిరికొట్టాడు. చలిగాలికి వణుకుతూ, "ఈ పాపిష్టి గొంగడే కరిగించింది బాబా," అన్నాడు.

బాబా వంగి పెద్ద గొంగడి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇందులో నిప్పెక్కడుందో చూపించు."

ఇస్హాక్ తడిమాడు. గాలికి అప్పుడే రాయిలా చల్లబడింది.

"లేదు బాబా."

"మరి ఆ వేడి ఎవరిది?"

"నాదే." తడి వీపు తడుముకున్నాడు. "నా ఒంటిదే. బయటికి పోవాల్సింది. ఇది పోనివ్వలేదు."

పగలంతా ఎండకి కాగిన నేల రాత్రి ఆకాశంలోకి వదిలే వేడి అతనికి గుర్తొచ్చింది. పైన దట్టమవుతున్న దుప్పటీ గుర్తొచ్చింది. బడిలో తను కసిరితే తలొంచుకుని కూర్చున్న పిల్ల ముఖమూ గుర్తొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

బాబా అతని ఒంటిమీద ఉండే మొదటి గొంగడిని కూడా నేలమీంచి తీసి, దులిపి, అతని భుజాల చుట్టూ కప్పాడు.

"వద్దు బాబా."

"వేసుకో. ఇది లేకపోతే చలికి చస్తావు. దీనితో ఎప్పుడూ తంటా లేదు. దీనిమీద ఇంకోటి కప్పావు చూడు, అక్కడ వచ్చింది."

ఇస్హాక్ చీలిక ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గడ్డి కింద ఏమీ కనపడటం లేదు. కింద లోయలో ఖుబానీ చెట్లు పూతమీదున్నాయి.

"ఈ పిడికెడు చాలునా బాబా? పెరుగుతుందా?"

బాబా జారిన గడ్డిని మళ్ళీ సర్దాడు.

"మొత్తం ముక్క నీ వీపుకెత్తినప్పుడు అడగాల్సింది నాయనా. పెరుగుతుందనే చెప్పేవాణ్ణి."