తడి తగలని కుండ

వానమబ్బు కమ్ముకొస్తోందని ఊరంతా సంబరపడుతుంటే హుసేనప్ప మాత్రం ఆకాశం వైపు చూడలేకపోయాడు. తకియాలో విత్తనం లేదు. లేకుండా చేసింది తనే.

మా తకియా అంటే పెద్ద కట్టడమేం కాదు. ఒక ఫకీరు సమాధి, ఒక రేకుల కొట్టం, అరెకరం ఎర్రనేల. ఆ నేలలో ఏటా అరికెలు విత్తి, ఉరుసు రోజు ఊరంతటికీ గంజి కాస్తాం. విత్తనానికి వేరే కుండ ఉంది. గింజల్లో బూడిదా వేపాకూ కలిపి, మూతికి పేడ మెత్తి అటకెక్కిస్తారు. మూడు తరాలుగా ఆ కుండకు తడి తగలనియ్యలేదు. తకియా చూసుకునే బడేసాబు తాత, చూపు పోయాక, దాన్ని శిష్యుడు హుసేనప్ప చేతిలో పెట్టాడు.

పోయినేడు పట్నం నుంచి ఒకాయన కారేసుకొచ్చాడు. పెద్ద అంగడికి సరుకు కావాలన్నాడు. "ఇట్లాంటి అరికెలు ఇంకెక్కడా లేవు" అని తెగ పొగిడాడు. హుసేనప్ప ఉబ్బిపోయి, గంజికి పోగా మిగిలిందంతా ఇచ్చాడు. ఆఖరికి కుండలోదీ ఊడ్చి ఇచ్చాడు. విత్తే వేళకు ఎవరినడిగినా నాలుగు దోసిళ్ళు పెట్టరా అనుకున్నాడు. మా వైపు విత్తనం అడిగితే లేదనరు.

ఈసారి అన్నారు. అందరిదీ వేరుశనగే. ఎనిమిది ఊళ్ళు తిరిగినా పిడికెడు దొరకలేదు. పెద్దమనిషి, ఆ తిరిగేదేదో ఇచ్చేముందు తిరగొద్దా!

ఇక దారి లేక ఆ అంగడినే వెతుక్కుంటూ హైదరాబాదు పోయాడు. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల గింజలున్నాయి కదా, కళ్ళంలోకి పోయినట్టు చెప్పులు బయటే విడిచి వెళ్ళాడు. చల్లటి గాలి, సన్నటి సంగీతం. గాజు జాడీల్లో కొర్రలు, సామలు. గోడమీద తలపాగా చుట్టుకుని నవ్వుతున్న రైతు బొమ్మ. ఆ పక్క జాడీలో అరికెలు, తెల్లగా, నున్నగా.

"ఫస్ట్ టైమా అంకుల్?" అని పచ్చ ఏప్రన్ కట్టుకున్న పిల్ల నవ్వుతూ వచ్చింది.

"పొట్టుతో ఉండేవి లేవా తల్లీ?"

"పొట్టుతో ఎవరు తింటారంకుల్? అన్నీ క్లీన్ చేసే వస్తాయి."

"తినేదానికి కాదమ్మా. విత్తేదానికి."

ఆ పిల్ల పాపం మంచిదే. బాల్కనీ కుండీల్లో వేసుకునే టమాటా విత్తనాలు, పుదీన విత్తనాలు తెచ్చి చూపించింది. హుసేనప్ప ఆ జాడీ ముందే కూలబడ్డాడు. తన చేత్తో చల్లి, తన చేత్తో కోసిన గింజలు. పొట్టు తీశాక ఒక్కటీ మొలవదు.

అయినా ఒక పొట్లం కొన్నాడు. ఎందుకంటే ఏం చెప్తాం! ఊరికొచ్చి గింజల్ని కుండలో పోసి, బూడిద కలిపి, మూతికి కొత్తగా పేడ మెత్తాడు. తాతకు చూపు లేదు కదా అనుకున్నాడు. చేతులున్న సంగతి తట్టలేదో, తట్టనియ్యలేదో.

మర్నాడే వాన పడింది. తాత కుండ తెప్పించి పేడ పగలగొట్టాడు. లోపల చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు బయటికి రాలేదు. చివరికి పిడికెడు తీసి, ఏటా పెట్టినట్టే హుసేనప్ప దోసిట్లో పెట్టాడు.

"పోయి విత్తుపో నాయనా."

హుసేనప్ప విత్తాడు. సాలు సాలుకూ ఏడుస్తూనే విత్తాడు.

ఆ రోజునుంచి తాత పొద్దున్నే గట్టుమీద కూర్చుని అడిగేవాడు. "మొలిచినాయా?"

"ఇంకా లేదు తాతా."

ఎనిమిది రోజులు అదే మాట. తొమ్మిదో రోజు హుసేనప్ప తాత కాళ్ళమీద పడిపోయాడు. "మొలవవు తాతా! పొట్టు తీసినవి. కుండలోదంతా నేనే అమ్ముకున్నా. నీ నోట్లో మన్ను కొట్టినా."

"తెలుసురా. చెయ్యి పెట్టినప్పుడే తెలిసింది."

"మరి నాతో ఎందుకు విత్తించినావు?"

"విత్తేటప్పుడన్నా నీ చెయ్యి ఆగుతాదేమోనని."

హుసేనప్ప తలెత్తకుండానే అడిగాడు. "ఇప్పుడేం చేయమంటావు తాతా? యాడా లేవు. అంతా తిరిగినా."

తాత లేచి, తడుముకుంటూ కొట్టంలోకి పోయి, ఖాళీ కుండ తెచ్చి హుసేనప్ప ఒళ్ళో పెట్టాడు.

"కడుగు," అన్నాడు. "ఇంక దీంట్లో తాగే నీళ్ళు పోసి పెట్టుకుందాం."

హుసేనప్ప కుండ పట్టుకుని బావి దగ్గరికి పోయాడు. చేద పైకి లాగి, కుండమీద వంచలేక, అట్లాగే నిలబడ్డాడు.