వరహా భోజనం

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికొక రేవుపట్నం. ఆ పట్నంలో ఎదురెదురుగా రెండు భోజనశాలలు.

ఒకటి పూటకూళ్ల వెంగమాంబది. అక్కడ అరిటాకు భోజనం, అందరికీ అందే ధర. రెండోది కొత్తగా వచ్చిన మార్తాండయ్యది. అక్కడ వెండి కంచాలు, నెమలిపింఛాల వింజామరలు. భోజనం ఒక్కింటికి ఒక బంగారు వరహా.

"ఇది పట్టపగటి దోపిడీ" అని కొందరు రాజుగారికి మొరపెట్టుకున్నారు. రాజు హేమాంగదుడు మార్తాండయ్యను పిలిపించాడు.

"నీ భోజనం తిని రమ్మని ముగ్గురిని పంపుతాను. ఆ ధర తగదని తేలితే, నువ్వు పట్నం విడిచిపోవాలి" అన్నాడు.

మొదట రత్నగుప్తుడనే వర్తకుడు వెళ్లివచ్చాడు.

"అమోఘం ప్రభూ. వరహా చాలా తక్కువ" అన్నాడు.

"ఏ కూర నచ్చింది?"

వర్తకుడు తడబడ్డాడు. "కూర గుర్తులేదు ప్రభూ. మంత్రిగారి బావమరిది పక్కన కూర్చుని తిన్నాను."

తరువాత కోశాధికారి వెళ్లివచ్చాడు.

"శుద్ధ దండగ ప్రభూ" అన్నాడు.

"రుచి ఎలా ఉంది?"

"ముద్దముద్దకీ ఎంత ఖర్చవుతోందో అనుకుంటూ తిన్నాను. రుచి గమనించలేదు."

రాజుకు విసుగొచ్చింది. మూడోసారి వెంగమాంబను పంపాడు. ఇక పట్నం విడిచిపోక తప్పదనుకున్నాడు మార్తాండయ్య. అతను వచ్చాక కలిగినవాళ్లంతా ఆమె అరుగు ఎక్కడం మానేశారు మరి.

వెంగమాంబ నింపాదిగా తిన్నది. ఒక కూర మారు అడిగి వేయించుకుంది. సభకు వచ్చి చేతులు జోడించింది.

"ప్రభూ, ఆవ పెట్టిన ఆ పనసపొట్టు కూర నాకు చేతకాదు. ముప్పై ఏళ్లుగా వండుతున్నాను, నాది ఎప్పుడూ కాస్త చేదెక్కుతుంది. అతని వంటకు అర వరహా ఇవ్వొచ్చు. చారు మాత్రం నాదే నయం. మిగతా అర వరహా వెండికీ వింజామరకీ పోతోంది. వాటికి రుచి లేదు."

"అతను వెళ్లిపోతే నీకే లాభం కదమ్మా?" అన్నాడు రాజు.

"లాభమే ప్రభూ. కానీ ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. అదే నోటితో అబద్ధం ఎలా చెప్పను?"

మార్తాండయ్య తలదించుకున్నాడు. "ఆవిడ చెప్పింది నిజం ప్రభూ. నా వంట మీద నాకే నమ్మకం చాలక ఆ హంగులన్నీ పెట్టాను."

ధర సగానికి తగ్గిస్తే చాలని, రాజు అతన్ని పట్నంలోనే ఉండనిచ్చాడు. మర్నాటి నుంచి మార్తాండయ్య అరిటాకుల్లో వడ్డించి, అర వరహాయే తీసుకున్నాడు. పెళ్లిరోజనీ, బిడ్డ పుట్టిందనీ మామూలు జనం కూడా ఏడాదికోసారి అక్కడ తినసాగారు.

ఇక వెంగమాంబ తన చారే నయమన్నది కదా, ఆ మాటను పట్నంలో ఒక్కరూ శంకించలేదు. ఆమె అరుగు మళ్లీ కిటకిటలాడింది.

కాబట్టి పిల్లలూ, దేని విలువైనా ధరను చూసి కాదు, దాన్ని చవిచూసి చెప్పాలి. ఎదుటివాడి గొప్పను ఒప్పుకున్నవాడి మాటకే లోకంలో విలువ.